ఆరడుగుల లెక్క

తిరుపతిలో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును ఆట చూసి అంచనా వేసేవాళ్ళు తక్కువ. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎత్తు చూసి వేస్తారు. అంతర్ కళాశాల పోటీలకు నెల ముందు నుంచే టీ బంకుల దగ్గర మొదలవుతుంది: "ఈసారి ఆరడుగుల పైన నలుగురుండారు సార్, కప్పు మనదే." పోటీలు ముగిశాక అదే బంకు, అదే గొంతు: "అంత మంచి టీం సార్, ఎట్ల పోయిందో అర్థం కాలా." ముప్పై ఏళ్ళుగా ఈ రెండు మాటలూ వింటున్నాను. మొదటిదాన్ని ఎవరూ తప్పు పట్టరు. రెండోదానికి మాత్రం కారణాలు వెతుకుతారు: రెఫరీ, కోచ్, ఎండ, దిష్టి.

జట్టు తక్కువ ఆడిందా, మనం ఎక్కువ లెక్కేశామా? ఈ ప్రశ్న మీద అందరికంటే ఎక్కువగా కొట్టుకున్నవాళ్ళు అమెరికావాళ్ళు. రంగంపేటలో పశువుల పండగనాడు జనం మిద్దెలెక్కినట్టు, మార్చి నెల వస్తే ఆ దేశం కాలేజీ బాస్కెట్‌బాల్ చుట్టూ చేరుతుంది. 68 జట్లు, ఒక్క ఓటమితో ఇంటికి. అందుకే గొప్ప జట్టు బోర్లాపడిన కథలు వాళ్ళ దగ్గర కుప్పలు. వాళ్ళ వాదనలన్నీ ఒకసారి తిరగేసి, మన సంగతికి వద్దాం.

ముందు ఒక జట్టు గురించి తీరిగ్గా చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4 మనకు గుర్తుండే తేదీ, చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా వేరుపడిన రోజు. అదే తేదీన న్యూ ఆర్లియన్స్‌లో నార్త్ కరొలైనా యూనివర్సిటీ కుర్రాళ్ళు జాతీయ ఫైనల్ ఆడారు. సగం ఆట అయ్యేసరికి కాన్సస్ మీద 40-25తో ముందున్నారు. చివరికి 72-69తో ఓడారు. ఓడినా ఒక తృప్తి మిగిలింది, ఎందుకంటే రెండు రోజుల ముందే సెమీఫైనల్లో బద్ధశత్రువు డ్యూక్‌ను 81-77తో పడగొట్టి, ఆ జట్టు కోచ్ మైక్ షషెఫ్‌స్కీకి అదే ఆఖరి మ్యాచ్ అయ్యేలా చేశారు. ఈ యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్ నుంచి క్యారీలోని వెంకటేశ్వరస్వామి గుడి కారులో ఎంతో దూరం కాదు. మన జిల్లాల పిల్లలు ఆ చుట్టుపక్కల ఉద్యోగాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళలో మా మేనల్లుడు ఒకడు. కొన్నాళ్ళకు ఫోన్ చేసి "మామా, ఐదుగురిలో నలుగురు మళ్ళీ వస్తా ఉండారు. వచ్చే ఏడు కప్పు మాదే" అన్నాడు. టీ బంకు గొంతే, సముద్రం దాటింది.

వాడి లెక్కే అక్కడి విలేఖరులదీను. ఆర్మాండో బేకాట్, కేలబ్ లవ్, ఆర్.జె. డేవిస్, లీకీ బ్లాక్, నలుగురూ తిరిగొచ్చారు. సీజన్ మొదలు కాకముందే అసోసియేటెడ్ ప్రెస్ ఓటింగులో ఒకటో ర్యాంకు వచ్చింది. మొదటి ఐదు మ్యాచ్‌లూ గెలిచారు. ఆ తర్వాత వరసగా నాలుగు పోయాయి. అందులో అలబామాతో ఆడింది నాలుగు ఓవర్‌టైములు సాగి 103-101తో చేజారింది. సీజన్ ముగిసేసరికి 20 గెలుపులు, 13 ఓటములు. మార్చి పోటీకి పిలుపే రాలేదు. 1985లో ఆ పోటీని 64 జట్లకు పెంచాక, ఒకటో ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టి అసలు పోటీలోకే రాలేకపోయిన మొదటి జట్టు ఇదే.

రాని ఐదోవాడి పేరు బ్రేడీ మానెక్. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. అంత ఎత్తున్నవాణ్ణి మనమైతే రింగు కింద నిలబెడతాం. వాడు మూడు పాయింట్ల గీత బయట నిలబడేవాడు. అక్కణ్ణుంచి వేసిన బంతుల్లో నూటికి నలభై పడేవి. అలాంటివాణ్ణి వదిలేసి పోలేక ఎదుటి జట్టులోని పొడుగు మనిషి ఒకడు బయటికి రావలసి వచ్చేది. దాంతో రింగు కింద బేకాట్‌కు చోటు దొరికేది. లవ్, డేవిస్ బంతి తీసుకుని లోపలికి దూసుకుపోవడానికి సందు దొరికేది. మానెక్ వెళ్ళిపోయాక ఆ పొడుగు మనిషి హాయిగా రింగు కిందే ఉండిపోయాడు. జట్టు మొత్తం మూడు పాయింట్ల సగటు 31 శాతం దగ్గర ఆగింది. నలుగురు ఆటగాళ్ళూ పాతవాళ్ళే, వాళ్ళకు దొరికే జాగా మాత్రం పోయింది. జాగాకు ఎత్తు ఉండదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది, నాకైతే అదే అసలుది. 2022లో ఫైనల్ దాకా పోయిన ఆ జట్టుకు పోటీ నిర్వాహకులు ఇచ్చింది తన విభాగంలో ఎనిమిదో స్థానం. విభాగాలు నాలుగు కాబట్టి, దేశం మొత్తం మీద అది ముప్పయ్యో స్థానానికి అటూఇటూ. ఏడాదంతా ఆడిన ఆటకు దక్కిన విలువ అది. తర్వాత మూడు వారాలు బ్రహ్మాండంగా ఆడారు. మరుసటి ఏడాది అంచనా ఏడాది ఆట మీద వేశారా, మూడు వారాల మీదా? 20-13 చూసి అందరూ అవాక్కయ్యారు గానీ, ముప్పయ్యో స్థానపు జట్టు నుంచి ఒక కీలకమైన ఆటగాణ్ణి తీసేస్తే వచ్చేది దాదాపు అదే.

ఇక అదృష్టం వాదన. మన దగ్గర దీన్ని ఓడినవాడి సాకు అంటారు. నేనలా కొట్టిపారేయను. మార్చి పోటీలో కప్పు కొట్టాలంటే వరసగా ఆరు గెలవాలి. ప్రతి మ్యాచ్‌లోనూ నూటికి తొంభై పాళ్ళు గెలిచే జట్టు ఉందనుకుందాం. 0.9ని ఆరుసార్లు గుణించి చూడండి, 53 శాతం. అంత మహా జట్టుకు కూడా బొమ్మా బొరుసే. అక్కడి ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో లాగా ఏడు మ్యాచ్‌ల సిరీస్ అయితే సంగతి వేరు. ఒక్కో మ్యాచ్‌లో 60 పాళ్ళు బలమున్న జట్టుకు సిరీస్ గెలిచే అవకాశం 71 దాకా పోతుంది. నాకౌట్ పెట్టుకుని బలవంతుడే గెలవాలని కోరుకోవడం కొబ్బరికాయ కొట్టి పువ్వు రావాలని కోరుకోవడం లాంటిది. వస్తే సంతోషమే.

1985 ఫైనల్లో జార్జ్‌టౌన్‌కు జరిగింది ఇదే. పాట్రిక్ యూయింగ్ ఉన్న జట్టు. విలనోవాను ఆ సీజన్లో అప్పటికే రెండుసార్లు ఓడించింది. ఫైనల్ రాత్రి విలనోవా 28 సార్లు రింగు వైపు వేస్తే 22 సార్లు పడ్డాయి. రెండో సగంలో పదికి తొమ్మిది. 66-64. ఎదుటివాడు అలా ఆడితే జార్జ్‌టౌన్ 'అంచనాలు అందుకోలేదు' అనడంలో అర్థం లేదు. అప్పట్లో కాలేజీ ఆటలో షాట్ క్లాక్ లేదు, బంతిని ఎంతసేపైనా చేతుల్లో ఉంచుకోవచ్చు. అందుకే విలనోవా తాపీగా మంచి అవకాశం కోసం కాచుకుంది. మరుసటి సీజన్ నుంచి 45 సెకన్ల గడియారం వచ్చింది.

అయితే అన్ని ఓటములనూ అదృష్టం ఖాతాలో వేయలేం. 1983 నాటి హ్యూస్టన్ సంగతి చూడండి. హకీమ్ ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్, ఇద్దరూ తర్వాత ఎన్‌బీఏ మహామహులయ్యారు. వరసగా 26 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కు వచ్చారు. ఎదురుగా నార్త్ కరొలైనా స్టేట్, ఎవరూ ఖాతరు చేయని జట్టు. రెండో సగంలో హ్యూస్టన్ 52-46తో ముందుంది. అక్కడ కోచ్ గై లూయిస్ ఆట నెమ్మది చేయమన్నాడు. పరుగే బలమైన జట్టును నడిపించాడు. ఎదుటి కోచ్ జిమ్ వల్వానోకు ఒక్క సంగతి బాగా తెలుసు: వీళ్ళు గాల్లోకి లేచి రింగులో కుక్కగలరు, ఫ్రీ త్రో గీత దగ్గర ఒంటరిగా నిలబడితే చేతులు వణుకుతాయి. కావాలని ఫౌల్ చేయించాడు. ఆ రాత్రి హ్యూస్టన్ ఫ్రీ త్రోలు దాదాపు సగం నేలపాలయ్యాయి. స్కోరు 52-52 అయ్యాక మొదటి ఏడాది కుర్రాడు ఆల్విన్ ఫ్రాంక్లిన్ గీత దగ్గరికి వచ్చాడు. మొదటిది పడితేనే రెండోది వేసే నిబంధన. మొదటిదే పడలేదు. తర్వాతి బంతి నార్త్ కరొలైనా స్టేట్‌ది. ఆఖరి సెకన్లలో విటెన్‌బర్గ్ దూరం నుంచి విసిరాడు, రింగు దాకా రాలేదు. కింద ఉన్న లొరెంజో చార్ల్స్ గాల్లోనే అందుకుని లోపల పెట్టేశాడు. 54-52. ఇప్పటికీ ఆ ఆఖరి బంతినే చూపిస్తారు. నాకైతే దానికి ముందు నేలపాలైన ఫ్రీ త్రోలే కనిపిస్తాయి. ఫ్రీ త్రో వేసేటప్పుడు అడ్డు ఎవరూ ఉండరు, ఎత్తుతో పని లేదు, బోర్డు 15 అడుగుల్లో ఉంటుంది. సాధనలో విసుగు పుట్టించే భాగం కూడా అదే. ప్రతిభ ఉన్నవాళ్ళు దాన్ని చివరికి వాయిదా వేస్తారు.

కోచ్‌లను మరీ తిట్టిపోయకుండా ఇక్కడ ఒక పిట్టకథ. ఈ ఆటను 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ తర్వాత కాన్సస్ యూనివర్సిటీకి కోచ్ అయ్యాడు. గెలిచినవి 55, ఓడినవి 60. ఆ యూనివర్సిటీ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే.

మూడో వాదన మనవాళ్ళకు మహా ఇష్టం: అందరూ దొరలైతే పల్లకీ మోసేదెవరు? దీనికి శాస్త్రీయమైన ఆసరా కూడా దొరికింది. 2014లో రోడరిక్ స్వాబ్, మరి కొందరు పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ జట్లలో గొప్ప ఆటగాళ్ళు ఒక హద్దు దాటి పెరిగితే ఫలితాలు మెరుగుపడడం ఆగిపోయి, తగ్గడం మొదలవుతుందన్నారు. బేస్‌బాల్‌లో మాత్రం అలా జరగదన్నారు. కారణం ఊహించవచ్చు. బేస్‌బాల్ మన క్రికెట్ లాంటిది, బ్యాటు పట్టినవాడి పని వాడిదే. బాస్కెట్‌బాల్‌లో ఐదుగురికీ కలిపి ఒకటే బంతి.

2015 కెంటకీ జట్టును ఈ వాదనకు సాక్ష్యంగా తెస్తారు. 38 మ్యాచ్‌లు ఆడి 38 గెలిచింది. మంచి ఆటగాళ్ళు ఎక్కువైపోయి కోచ్ జాన్ కాలిపరి జట్టును రెండు దళాలుగా విడగొట్టి దింపేవాడు. ఈనాటి ఎన్‌బీఏ పెద్ద పేరు డెవిన్ బుకర్ అక్కడ బెంచీ మీద నుంచి లేచి వచ్చేవాడు. ఆ ఏడాది ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో ఆ ఒక్క జట్టు నుంచి ఆరుగురిని తీసుకున్నారు. అయినా సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో 71-64తో ఓటమి. ఆఖరి నిమిషాల్లో నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉండి, వరసగా మూడుసార్లు షాట్ క్లాక్ అయిపోయేదాకా బంతి ఎవరు వేయాలో తేల్చుకోలేకపోయారు. ఈ ఒక్క దృశ్యం చూస్తే పల్లకీ సామెత నిజమేననిపిస్తుంది.

కానీ రెండు రోజుల తర్వాత అదే విస్కాన్సిన్‌ను 68-63తో ఓడించి కప్పు కొట్టిన డ్యూక్ కూడా మొదటి ఏడాది తారల జట్టే. కాబట్టి తారలు ఎక్కువవడమే జబ్బు అని తీర్పు చెప్పలేం. పైగా దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఇంకో గుంపు ఉంది. 2016లో ఎన్‌బీఏ డ్రాఫ్టులో మొట్టమొదట తీసుకున్న బెన్ సిమన్స్ ఆడిన ఎల్ఎస్‌యూ జట్టు 19-14తో మార్చి పోటీకి రాలేదు. 2017లో మొదటి స్థానం మార్కెల్ ఫుల్ట్జ్‌ది, వాడి వాషింగ్టన్ జట్టు గెలిచింది 9, ఓడింది 22. 2025లో డ్రాఫ్టులో రెండో, ఐదో స్థానాల్లో పోయిన డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ ఒకే జట్టులో ఉండగా రట్గర్స్ 15-17తో ముగించింది. ఒకరిద్దరి పేర్లు చూసి జనం అంచనా వేశారు. మిగతా ఆటగాళ్ళ పేర్లు ఎవరూ అడగలేదు.

ఒత్తిడి గురించి పెద్దగా రాయను. 1993 ఫైనల్లో 11 సెకన్లు మిగిలి ఉండగా, రెండు పాయింట్లు వెనకబడిన మిషిగన్ జట్టులో క్రిస్ వెబ్బర్ లేని టైమ్ అవుట్ అడిగి జట్టుకు టెక్నికల్ ఫౌల్ తెచ్చిపెట్టాడు. అది ఒత్తిడే, కాదనను. కానీ ఒత్తిడి రెండు జట్లకూ ఉంటుంది. ఒత్తిడికి కుంగిపోయిందని పేరుపడ్డ వర్జీనియా 2018లో ఒకటో స్థానపు జట్టుగా దిగి పదహారో స్థానపు యూఎంబీసీ చేతిలో 74-54తో చిత్తయింది. అంతకుముందు అలాంటి మ్యాచ్‌లు 135 జరిగితే 135 ఒకటో స్థానపు జట్లవే. మరుసటి ఏడాది అదే కోచ్, చాలావరకు అదే కుర్రాళ్ళు కప్పు తెచ్చారు.

ఇవన్నీ మనకెందుకు అంటారా? మన దగ్గర ఈ ఆటకు వేళ్ళు లేవని కాదు. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మాకు పాఠం చెప్పిన పాత పీడీ సార్లు అక్కడి చదువు గురించి గుడి గురించి చెప్పినంత భక్తిగా చెప్పేవారు. మన దగ్గరి తేడా వేరే చోట ఉంది. అమెరికాలో కాలేజీ జట్టు ఏడాదంతా కలిసి ఉంటుంది. మన యూనివర్సిటీ జట్టు అలా పుట్టదు. కాలేజీలు ఒకదాంతో ఒకటి ఆడతాయి, వాటిలోంచి పన్నెండు మందిని ఏరుతారు, కొన్నాళ్ళు కోచింగ్ క్యాంపు పెడతారు, ట్రాక్ సూట్లు ఇచ్చి సౌత్ జోన్‌కు రైలెక్కిస్తారు. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు ఫౌల్ చేసుకున్నవాళ్ళు ఇవాళ ఒకరికొకరు పాస్ ఇచ్చుకోవాలి. అక్కడేమో మొదట నాకౌట్, చివర మిగిలిన నాలుగు జట్లకు లీగు. ఎదురుపడేది మద్రాస్ యూనివర్సిటీ, ఎస్ఆర్ఎం, హిందుస్థాన్ లాంటి జట్లు, లేదా కేరళవాళ్ళు. ఏడాది పొడుగునా చెక్క నేల మీద, ఒకే కోచ్ కింద ఆడేవాళ్ళు. మన పిల్లలు సిమెంటు కోర్టు మీద సాయంత్రం ఎండ తగ్గాక రెండు గంటలు ఆడేవాళ్ళు. చిత్తూరులో నిజంగా పొడుగూ పనీ ఉన్న పిల్లవాడు కనబడితే చెన్నై కాలేజీవాళ్ళు సీటు, హాస్టలు ఇచ్చి తీసుకుపోతారు. మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం, ఎవరు వద్దంటారు? ఆ తర్వాత వాడు మన మీదే ఆడతాడు.

నేను ఆటగాణ్ణి కాదు. ఐదడుగుల నాలుగంగుళాలవాణ్ణి, స్కోరు పుస్తకం పట్టుకునేవాణ్ణి. మా కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. నా రెండో ఏడాదిలో మా జట్టు అంతర్ కళాశాల పోటీల్లో సెమీఫైనల్ దాకా పోయింది. మూడో ఏడాది ఐదుగురిలో నలుగురు మిగిలారు. వాళ్ళకు తోడు ఆరడుగుల నాలుగంగుళాల కొత్త పిల్లవాడు చేరాడు. బంతి రింగు మీద పెట్టి వచ్చేవాడు. ఊరంతా మా జట్టు గురించే. కుర్రాళ్ళు ఒళ్ళు గట్టిపడాలని ఆదివారాలు అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కేవారు. కప్పు వస్తే జట్టంతా గుండు చేయించుకుంటామని మొక్కుకున్నారు కూడా.

పోయిన ఐదోవాణ్ణి అందరూ మేస్త్రి అనేవారు. వేసవిలో నాన్నతో కలిసి గోడలు కట్టేవాడు. ఎత్తు నాకన్నా మూడు వేళ్ళు ఎక్కువ. డిగ్రీ కాగానే కరకంబాడి వైపు ఒక ఫ్యాక్టరీలో చేరిపోయాడు. ఎవరూ బెంగపెట్టుకోలేదు, మ్యాచ్‌కు ఆరు పాయింట్లు వేసేవాడు, అంతే కదా. పుస్తకంలో నేను రాసింది ఆ ఆరే. బంతి పట్టిన మరుక్షణం ఇంకొకడికి అందించి పక్కకు జరిగేవాడని, ఎదుటివాళ్ళ పొడుగు మనిషి వీపుకు తన భుజం ఆనించి వాణ్ణి రీబౌండుకు లేవనీకుండా ఆపేవాడని రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

రెండో రౌండులోనే ఓడిపోయాం. మధ్యాహ్నం మూడు గంటల ఎండ, వల లేని రింగు, కోర్టు పక్కన వేపచెట్టు నీడలో నా కుర్చీ. కొత్త పిల్లవాడికి బంతి అందిన ప్రతిసారీ ఇద్దరు మీద పడ్డారు, వాడు పాస్ ఇద్దామని చూస్తే మనవాళ్ళు నలుగురూ నిలబడి చూస్తున్నారు. ఫౌళ్ళు బాగానే వచ్చాయి. ఆ రాత్రి హాస్టల్లో పుస్తకం ముందేసుకుని లెక్క పెట్టాను: ఫ్రీ త్రోలు 21, పడ్డవి 8. ఓడింది మూడు పాయింట్లతో. మర్నాడు ఈ లెక్క కెప్టెన్‌కు చూపిస్తే "రెఫరీ అమ్ముడుపోయినాడు లేరా" అని పుస్తకం మూసేశాడు. కొత్త పిల్లవాడు మాత్రం ఆ వారమే కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చాడు. కప్పు రాలేదు కదరా అంటే, "మొక్కినాను కదన్నా" అన్నాడు.

పోయిన నెల బంకు దగ్గర ఆగాను. పక్క కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు, ఈ ఏడాది జట్టు గురించి వాదించుకుంటున్నారు. ఆరు మూడు ఇద్దరట, ఆరు ఐదు ఒకడట, మదనపల్లె నుంచి వచ్చాడట. "ఖాయం సార్ ఈసారి" అని నన్ను కూడా కలుపుకున్నారు. ఫ్రీ త్రోలు బాగా వేసేదెవరని అడిగాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి అందులో పొట్టివాడు అన్నాడు, "అవి అందురూ ఏస్తారు కదా సార్." బంకాయన మూడు టీలు గట్టు మీద పెట్టాడు.